బంతికి బలం ఎక్కడిది: ముందుకు వచ్చే భారమా, తిరిగే తుంటా?

వాది: బేస్‌బాల్‌లో బ్యాటు ఊపడానికి (స్వింగ్‌కు) బలం శరీర భారం వెనక కాలి నుంచి ముందు కాలి మీదికి రావడంలోనే పుడుతుందని నా వాదన. బ్యాటింగ్ శిక్షకుడు చార్లీ లావ్ నేర్పింది ఇదే. ఆయన శిష్యుడు జార్జ్ బ్రెట్ 1980లో కాన్సాస్ సిటీ రాయల్స్ జట్టు తరఫున 0.390 బ్యాటింగ్ సగటు (అంటే వెయ్యి ప్రయత్నాలకు 390 హిట్ల లెక్కన) సాధించాడు.

ప్రతివాది: సగటు వేరు, బలం వేరు. 1941లో 0.406 సగటుతో పాటు, ఆటజీవితం మొత్తంలో 521 హోమ్ రన్లు (సాధారణంగా బంతిని మైదానం దాటించే దెబ్బలు) సాధించిన టెడ్ విలియమ్స్ తుంటి తిరగడానికే పెద్దపీట వేశాడు. బంతి బ్యాటును తాకి ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు మాత్రమే కనుక, ఆ లోపల శరీర భారంతో బంతిని నెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ క్షణానికి బ్యాటు ఎంత వేగం అందుకుందన్నదే లెక్క. బంతి విసిరే ఆటగాడు (పిచ్చర్) గంటకు 1 మైలు అదనపు వేగంతో విసిరితే కొట్టిన బంతికి దాదాపు 0.2 మైలు కలుస్తుంది. బ్యాటు వేగం అంతే పెరిగితే 1.2 మైళ్లు కలుస్తాయి. ఆ వేగాన్ని ఇచ్చేది తుంటి, ఛాతీ, చేతులు, బ్యాటు ఒకదాని తర్వాత ఒకటి తిరిగే వరుసే.

వాది: ఆ వరుసను ఒప్పుకుంటాను. అయితే తుంటి దేని ఆధారంతో తిరుగుతుందో చెప్పండి. అడుగు వేసిన ముందు పాదం నేలను తాకేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మడమ దిగగానే కాలు నిటారుగా బిగుసుకుంటుంది. అప్పుడు ముందుకు వస్తున్న తుంటిలో ముందు వైపు ఆగిపోతుంది, వెనక వైపు ఆగకుండా చుట్టూ తిరిగి వస్తుంది. ముందుకు వచ్చే వేగమే లేకపోతే ఆ కాలు ఆపేదేమిటి?

ప్రతివాది: మీరు వర్ణించింది ఆపడాన్ని, నేర్పుతున్నది మాత్రం ముందుకు వెళ్లడాన్ని. ఆగడం రాని కుర్రవాడి మోకాలు వంగిపోతుంది, తల ముందుకు జారుతుంది. దాదాపు 0.4 సెకనులో చేరే బంతిని కదిలే కళ్లతో ఎలా పసిగడతాడు? పైగా ముందుకు అడుగు వేయడం తప్పనిసరి కూడా కాదు. 2018లో అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌కు వచ్చిన షోహెయ్ ఓహ్తానీ, సీజన్ మొదలయ్యేసరికి కాలు ఎత్తి వేసే అడుగు మానేసి, ముందు పాదం వేళ్లను నేలకు ఆనించే పద్ధతికి మారాడు. ఆ ఏడాది 22 హోమ్ రన్లు కొట్టాడు.

వాది: నేను అడుగును సమర్థించడం లేదు, భారాన్ని సమర్థిస్తున్నాను. ముందు కాలి మడమ లేచినప్పుడు ఓహ్తానీ భారం వెనక కాలి మీద నిలుస్తుంది, అది దిగినప్పుడు ముందుకు వస్తుంది. దూరం తగ్గిందే కాని బదిలీ ఆగలేదు.