కాన్పూర్ తుక్కులోంచి లేచిన లిబరేటర్లు

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా 18 వేలకు పైగా బి-24 లిబరేటర్ బాంబర్లను తయారుచేసింది. ఇవాళ పూర్తి రూపంతో మిగిలినవి డజనుకు కాస్త అటూ ఇటూ. వాటిలో దాదాపు సగం మన వైమానిక దళం వాడి పక్కన పెట్టినవే. యుద్ధం ముగిశాక అమెరికా తన లిబరేటర్లలో అత్యధిక భాగాన్ని కరిగించేసింది. మనం మాత్రం 1968 దాకా వాటితో సముద్ర గస్తీ చేయించాం. పాత విమానాన్ని కాపాడింది అభిమానం అనుకుంటాం గానీ, ఈ విషయంలో కాపాడింది చాకిరీయే.

ఆ చాకిరీ మొదలైన తీరు కూడా విచిత్రమే. బ్రిటిష్ దళం లెండ్-లీజ్ (యుద్ధకాలంలో అమెరికా మిత్రదేశాలకు సామగ్రి ఇచ్చిన పథకం) కింద తెచ్చుకున్న విమానాలను యుద్ధం తర్వాత అమెరికాకు తిరిగి ఇచ్చేయాలి, లేదంటే పనికిరాకుండా చేయాలి. కాన్పూర్ పక్కన చకేరీలో రెండో పని చేశారు. మీటర్లు పగలగొట్టారు, ఇంజన్లలో ఇసుక పోశారు, రేకులకు గంట్లు పెట్టారు. 1948లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సిబ్బంది ఆ దిబ్బలోంచి బాగుపడేవాటిని ఏరి, ఒకదానికి లేని భాగాన్ని ఇంకోదాని నుంచి తీసి బిగించి, కనీసం ఎగిరేలా చేశారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ వాటిని బెంగళూరుకు నడిపాడు. పూర్తి మరమ్మతు అక్కడ జరిగింది. ఆ ఏడాది నవంబరులోనే 5వ స్క్వాడ్రన్ వీటితో మొదలైంది. మొత్తం మీద సుమారు 40 విమానాలు అలా తిరిగి ప్రాణం పోసుకున్నాయి. కాబట్టి భారత్ నుంచి వెళ్లిన లిబరేటర్‌ను చూపించి ‘ఇది అచ్చంగా ఫ్యాక్టరీ విమానం’ అని ఎవరైనా అంటే, ఏ భాగం అని అడగడం సబబు.

రిటైరయ్యాక ఇవి నలుదిక్కులకూ వెళ్లాయి. ఒకటి లైసాండర్ అనే పాత విమానానికి మారుగా కెనడా చేరింది. ఆ లైసాండర్ ఇప్పుడు ఢిల్లీలోని పాలం వైమానిక దళ మ్యూజియంలో ఉంది. ఇంకోటి 1969లో అరిజోనాలోని పిమా మ్యూజియానికి, మరోటి 1974లో బ్రిటన్‌కు ఎగురుకుంటూ వెళ్లాయి. హెచ్ఈ771 నంబరు విమానం మాత్రం 1980లలో విడిభాగాలుగా దేశం దాటి, చివరికి అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ చేతికొచ్చింది. దాన్ని మళ్లీ ఎగరేయడానికి అయిదేళ్లు, 97 వేల పనిగంటలు పట్టాయని వాళ్ల లెక్క. 1989లో అది ఎగిరింది.

ఇంత పాత బాంబర్ ఎగరగలగడానికి ముఖ్య కారణం ఇంజన్. ప్రాట్ అండ్ విట్నీ ఆర్-1830 డకోటా రవాణా విమానాలకూ వాడిన ఇంజన్ కాబట్టి సిలిండర్లు, పిస్టన్లు, బేరింగులు నేటికీ ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. దొరకనివి టరెట్ (తిరిగే తుపాకీ గూడు) భాగాలు, ముక్కు చక్రం అమరిక, ఎక్స్‌పాండర్ బ్రేకుల్లో ఉబ్బి చక్రాన్ని ఆపే రబ్బరు ట్యూబులు. ముక్కు చక్రానికి స్టీరింగ్ లేదు. ఎడమ, కుడి బ్రేకులు మార్చి నొక్కుతూనే నేల మీద తిప్పాలి. పైలట్ బ్రేకు ఎక్కువ తొక్కితే వేడికి ఆ ట్యూబులే ముందు పోతాయి.

ఇలాంటి రేడియల్ ఇంజన్‌కు, అంటే సిలిండర్లు చుట్టూ వలయంలా ఉండే ఇంజన్‌కు, ఇంకో జబ్బు ఉంది. ఆగి ఉన్నప్పుడు ఆయిల్ కిందివైపు సిలిండర్లలోకి కారి చేరుతుంది. అందుకే స్టార్ట్ చేసేముందు ఇగ్నిషన్ ఆపి ఉంచి, ప్రొపెల్లర్‌ను చేత్తో మూడు నాలుగు చుట్లు తిప్పుతారు. బిగిసిందా, బలవంతం చేయకూడదు: కింది సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులు విప్పి ఆయిల్ దింపాలి. వెనక్కి తిప్పి వదిలించుకుంటే ఆ ఆయిల్ ఇన్‌టేక్ గొట్టంలోకి పోయి, స్టార్ట్ కాగానే మళ్లీ సిలిండర్లోకి వస్తుంది, కనెక్టింగ్ రాడ్‌ను వంచుతుంది. ఒక్కో ఇంజన్‌కు 28 ప్లగ్గులు, నాలుగింటికి 112. వీటిని శుభ్రం చేసి కొనల మధ్య గ్యాప్ చూడటం విసుగు పని. వాయిదా పడేదీ అదే.

అలాంటి వాయిదాల ఖరీదు 2019 అక్టోబరు 2న తెలిసింది. అదే కాలింగ్స్ ఫౌండేషన్ నడిపిన బి-17 బాంబర్ ‘నైన్-ఓ-నైన్’ కనెక్టికట్‌లో కూలి ఏడుగురు చనిపోయారు. నాలుగో ఇంజన్‌లో ఒక మాగ్నెటో (ప్లగ్గులకు కరెంటు ఇచ్చే పరికరం) గ్రౌండ్ తీగ ఊడి కేసింగ్‌కు తగిలి అది పనిచేయలేదు, రెండోదాని స్పార్క్ బలహీనం. మూడో ఇంజన్ ప్లగ్గుల గ్యాప్ కొలతలు తప్పాయి. పైలట్ వేగాన్ని నిలుపుకోలేకపోవడం ప్రధాన కారణమనీ, నిర్వహణ లోపం దానికి తోడైందనీ దర్యాప్తు తేల్చింది. డబ్బిచ్చిన ప్రయాణికులను ఎక్కించేందుకు ఆ ఫౌండేషన్‌కున్న అనుమతి 2020లో రద్దయింది. నా దృష్టిలో అది కఠినం కాదు. టికెట్ అమ్మినప్పుడు విమానయాన సంస్థల స్థాయి తనిఖీ ఉండాలి; పాతదని మినహాయింపు అడగకూడదు.

మరి మన పాలంలో ఉన్న లిబరేటర్ హెచ్ఈ924ను ఎగరేద్దామా? వద్దు. అంత డబ్బు, 97 వేల గంటల పని మన దగ్గర ఉన్నా, ఎగిరే ప్రతి భాగాన్నీ మార్చుకుంటూ పోతే హిందుస్థాన్ వాళ్ల చేతిపని మిగలదు. 1948 నాటి అతుకులు, రివెట్లే ఈ విమానానికున్న అరుదైన విలువ. అవి మాయం కాకముందు చేయాల్సింది కప్పు వేయడం, పాత రబ్బరు ఇంధన సంచులు జిగురుగా మారక ముందే తీసేయడం, బాంబులు పెట్టే గది అడుగుభాగంలో నీళ్లు పోయే రంధ్రాలను వానాకాలం ముందూ తర్వాతా పొడిచి చూడటం. ఢిల్లీ దుమ్ము ఆ రంధ్రాలను మూస్తే నీళ్లు నిలిచి ఉక్కు బోల్టు, అల్యూమినియం కలిసే చోట తుప్పు మొదలవుతుంది. రంగు వేసి దాచితే లోపల ఇంకా వేగంగా తింటుంది. ప్రతి అతుకునూ ఫొటో తీసి, దొరికిన మరమ్మతు రికార్డులతో సరిచూడటానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.