నట్ల సంగతి కూడా రాయాల్సింది

స్టీల్ వీల్స్ తీసేసి అల్లాయ్‌లు వేయించుకోవడం గురించి మీ వ్యాసంలో సైజు, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందనే కొలత) దాకా అన్నీ చెప్పారు కానీ నట్ల ఊసే ఎత్తలేదు, చక్రం బండిని పట్టుకుని ఉండేది వాటితోనే కదా! హోండా కార్లతో వచ్చే కంపెనీ నట్ల సీటు, అంటే చక్రానికి ఆనే భాగం, గుండ్రంగా ఉంటుంది, బయట కొనే అల్లాయ్‌లలో ఎక్కువ వాటికి 60 డిగ్రీల కోన్ సీటు. పాత నట్లే బిగిస్తే సన్నటి అంచు మీద మాత్రమే ఆనుతాయి, కొన్నాళ్లకు వదులైపోతాయి. మర కూడా చూసుకోండి. స్విఫ్ట్‌కు 12×1.25, ఐ20కి 12×1.5 (స్టడ్ మందం, మర చుట్ల మధ్య దూరం, మిల్లీమీటర్లలో; స్టడ్ అంటే నట్టు ఎక్కే బోల్టు), చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తెలియక నట్లు బిగించే గన్‌తో బిగించారంటే స్టడ్ మర పాడైపోతుంది. అందుకే షాపువాళ్లు ఎంత తొందరపెట్టినా ముందు చేత్తోనే తిప్పమనండి, మొదటి చుట్లలోనే పట్టేస్తే ఆ నట్టు వద్దు. 50–100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) బిగింపు మళ్లీ చూపించండి.