పనిచెయ్యకపోవడానికే పెట్టుకున్న మిషను

చిన్న వ్యాపారస్తులు స్వైపింగ్ మిషను ఎందుకు పెట్టుకోవాలో ఈమధ్య అందరూ చెప్పేవాళ్లే. అమ్మకాలు పెరుగుతాయట, చిల్లర గొడవ ఉండదట, కస్టమర్ దగ్గర గౌరవం పెరుగుద్దట. మూడోది మాత్రం నిజం. విశాఖ ద్వారకానగర్‌లో స్టేషనరీ, జిరాక్స్ షాపు నడుపుతూ, మూడేళ్లుగా దాన్ని కౌంటర్ మీద పెట్టి, రోజూ తుడిచి, చార్జింగ్ పెట్టి, బాగా పరిశీలించి చెప్తున్నాను, ఆ మిషను అసలు ఉద్యోగం పనిచెయ్యకపోవడం.

నవ్వకండి. మిషను లేనప్పుడు కార్డు తీసిన మనిషితో "తీసుకోమండి" అంటే, ఏ కాలంలో ఉన్నావయ్యా అన్నట్టు ఓ చూపు చూసి పక్క షాపుకి పోయేవాడు. ఇప్పుడు "ఉందండీ, సర్వర్ డౌన్" అంటే చాలు, "అయ్యో పర్లేదు లెండి" అని ఆయనే నన్ను ఓదార్చి జేబులోంచి క్యాష్ తీస్తాడు. తప్పు నాది కాదుగా, ఎక్కడో కంటికి కనపడని సర్వర్‌ది. ఇంత మర్యాద నెలకి 300 అద్దెకి ఇంకెక్కడ దొరుకుద్ది చెప్పండి. ఇంట్లో కొత్త అల్లుడు ఉన్నట్టే అనుకోండి, పని చెప్పకూడదు, మేపాలి, పండక్కి అలుగుతాడు, కానీ ఉన్నాడన్న పరువు ఉంటుంది.

ఇక పొరపాటున పనిచేస్తే ఏమవుద్దో కూడా చెప్పాలి. కార్డు మీద అమ్మిన ప్రతి బిల్లులోంచీ బ్యాంకు కొంత కోసుకుంటుంది, మాకు పడిన రేటు క్రెడిట్ కార్డుకి 2 శాతం. జూన్‌లో బడులు తెరిచినప్పుడు ఒకావిడ బ్యాగులూ నోట్‌బుక్కులూ కలిపి 3000 బిల్లు చేసి క్రెడిట్ కార్డు ఇచ్చిందనుకోండి, 60 రూపాయలు కట్, ఆ 60 మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 10 రూపాయల 80 పైసలు, వెరసి 70 రూపాయల 80 పైసలు, అసలే నోట్‌బుక్కుల మీద మిగిలేది అంతంత మాత్రం, పైగా మిగతా డబ్బులు కూడా ఇవాళ రావు, రేపొస్తాయి. "కార్డైతే 2 పర్సెంట్ ఎక్స్‌ట్రా అండీ" అనే మంత్రం పుట్టింది ఇక్కడే. అలా కస్టమర్ దగ్గర వసూలు చెయ్యకూడదు, ఆ సంగతి అందరికీ తెలుసు, అందుకే గొంతు తగ్గించి అంటారు. నేను అననండీ. నేను సర్వర్ డౌన్ అంటాను.

2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకీ యూపీఐకీ ఆ కోత సున్నా చేశారు. కాబట్టి ఎవరైనా కార్డు తీస్తే ముందు దాని మీద ఏం రాసుందో చూస్తాను, రూపే డెబిట్ అయితే సర్వర్ వెంటనే బాగుపడుద్ది.

అసలు ఈ జేబులో పట్టే కార్డు రీడర్ పుట్టుకలోనే తిరకాసుంది. అమెరికాలో జిమ్ మెకెల్వీ అని గాజుతో వస్తువులు చేసే ఆయన, కార్డు తీసుకునే ఏర్పాటు లేక ఓ బేరం పోగొట్టుకున్నాడు. ఆ మంటతో 2009లో, ట్విట్టర్ పెట్టినవాళ్లలో ఒకడైన జాక్ డోర్సీతో కలిసి స్క్వేర్ అని కంపెనీ పెట్టి, ఫోన్‌లో ఇయర్‌ఫోన్ పెట్టే బెజ్జంలో దూర్చే బుల్లి రీడర్ తెచ్చారు. లోపలున్నది ఏంటంటే మన పాత టేప్ రికార్డర్‌లో ఉండే హెడ్ లాంటిదే, కార్డు గీస్తే దాని నల్లగీత పాటలా ఫోన్‌లోకి ఎక్కేది. తెలివైనవాళ్లే, కాదనను. కానీ అదే బేరం మా పూర్ణా మార్కెట్‌లో జరిగుంటే "ఏటి బాబూ, తెలిసినోళ్లే కదా, రేపిద్దురు లెండి" అని పుస్తకంలో రాసుకుని సరుకు చేతిలో పెట్టేవాడు, ఆ కంపెనీ పుట్టేదే కాదు.

సిగ్నల్ విషయానికొస్తే, మా షాపులో మిషన్ని సముద్రం వైపు తిప్పితే ఒక గీత, సింహాచలం కొండ వైపు తిప్పితే రెండు గీతలు. అంచేత కార్డు పెట్టగానే నేను మిషను రెండు చేతులా ఎత్తి పట్టుకుని గుమ్మం దాటి ఫుట్‌పాత్ మీదకెళ్లి కొండకేసి తిరిగి నిలబడతాను, కార్డు గలాయన నా వెనకే వస్తాడు, టీ తాగేవాళ్లు దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ. అప్పన్న కూడా ఏడాదికోసారైనా నిజరూపం చూపిస్తాడు గానీ మా నెట్‌వర్క్ చూపించదు. మొన్న ఒకావిడకి ఇలాగే డబ్బులు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, మిషనేమో డిక్లైన్డ్ అంది. రిజర్వ్ బ్యాంకు 2019లో రూలు పెట్టిందమ్మా, అలా ఇరుక్కున్న డబ్బు 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 చొప్పున మీకే ఇవ్వాలి అని చదువుకున్నవాడిలా చెప్పాను. "అయితే పిల్లాడు 5 రోజులు బ్యాగు లేకుండా బడికెళ్లాలా" అంది.

ఇక భద్రత. కార్డులో చిప్, చిప్‌కి తాళం, తాళానికి నాలుగంకెల పిన్, ఆ పిన్ ఎవరికీ కనపడకుండా మిషను చుక్కలు చూపిస్తుంది. స్టీల్‌ప్లాంట్‌లో రిటైరైన ఓ పెద్దాయన కళ్లజోడు మర్చిపోయొచ్చి ఆ నాలుగంకెలూ జిరాక్స్ క్యూ మొత్తానికి వినపడేట్టు చెప్పి "నొక్కెయ్ బాబూ" అన్నాడు. వెనకున్న కుర్రాడు "మొదటిది ఏడా ఒకటా తాతగారూ" అని అడిగాడు కూడా.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన వారం గుర్తుందా, కరెంటు లేదు, టవర్లు లేవు, ఏటీఎంలు చీకట్లో ఉన్నాయి. మా వీధి కొట్టాయన అప్పు పుస్తకం ఒక్కటే ఆన్‌లైన్‌లో ఉంది. పాలు, కొవ్వొత్తులు, బియ్యం అన్నీ దాని మీదే నడిచాయి, పిన్ కూడా అడగలేదు.

నిన్న మిషను కంపెనీ కుర్రాడు వచ్చాడు, "గురువుగారూ, మీ వాడకం బాగా తక్కువుంది, కొత్త మోడల్ తీసుకోండి, తెలుగులో మాట్లాడుద్ది కూడా" అని అరగంట చెప్పాడు. వెళ్తూ వెళ్తూ రెండు పెన్నులు తీసుకున్నాడు, 20 రూపాయలు. పోన్లే ఇవాళైనా వాడకం పెరుగుద్దని మిషను ఆయన ముందుకి జరిపాను. దానికేసి ఓసారి, నాకేసి ఓసారి చూసి, "ఈ టైమ్‌లో సర్వర్ కొంచెం స్లోగా ఉంటాదండీ" అని, పర్సులోంచి నలిగిన ఇరవై నోటు తీశాడు.