మొండి బకాయిదారుల పక్కన మా పాలెగాడు

ఏ ఊరి ఆఫీసో చెప్పను. తిరుపతి, చిత్తూరు రెండిట్లో ఒకటి అనుకోండి, అంతే. రేపు కుళాయి కనెక్షన్‌కో ఇంకో దానికో మళ్ళీ ఆ కౌంటరు ముందే చేతులు కట్టుకొని నిలబడాల్సింది నేనే కదా. మా అన్న పీలేరు నుంచి బస్సెక్కి వచ్చాడని మాత్రం చెప్తాను. పీలేరు నుంచి రెండూళ్ళకీ బస్సులున్నాయి కాబట్టి దాన్ని బట్టి మీరేం పట్టుకోలేరు.

ఆ ఆఫీసు మొదటి అంతస్తులో పొడుగాటి వరండా ఒకటుంది. ఈ చివర ఇంటి పన్నుల సెక్షను, ఆ చివర మీటింగు హాలు, మధ్యలో ఖాళీ గోడ. కొత్తగా వచ్చిన పెద్దాఫీసరుకు కళలంటే ఇష్టమట, ఆ గోడ పొడుగునా మన జిల్లా కళాకారుల బొమ్మలు పెడదాం, పన్ను కట్టడానికొచ్చిన జనం అట్లా చూసుకుంటూ పోతారు అన్నారట. గోడ మీద దేవుడి బొమ్మలుంటే ఎవరూ వక్కాకు ఉమ్మరనేదే అసలు ఆలోచన అని మా ఆయన అంటాడు. ఏదైతేనేం, మాధవమాల కొయ్య బొమ్మలు నాలుగు బల్ల మీదికి చేరాయి, మామిడి తోటల ఫోటోలు కొన్ని, నూనె రంగుల్లో తిరుమల కొండ రెండు సైజుల్లో, వాటి మధ్య నా కలంకారీ గుడ్డ ఒకటి.

నేను కలంకారీ నేర్చుకొని నాలుగేళ్ళు. శ్రీకాళహస్తిలో మా పిన్నమ్మ ఇంటి పక్కన వాళ్ళ దగ్గర కూర్చొని నేర్చుకున్నాను. జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారి లాంటి వాళ్ళు జీవితమంతా చేసి 2008లో పద్మశ్రీ దాకా పోయిన విద్య అది, నేను నాలుగేళ్ళకే కళాకారిణిని అని చెప్పుకోవడం కాస్త సిగ్గుగానే ఉంటుంది. కానీ వాసనలో మాత్రం నేను ఎవరికీ తీసిపోను. గుడ్డను ముందు కరక్కాయ పొడి కలిపిన చిక్కటి ఎనుం పాలల్లో నానబెట్టాలి, పాలల్లో కొవ్వు ఉంటేనే గీసిన గీత పక్కకు పాకదు. నల్లరంగు కోసం తుప్పు పట్టిన మేకులు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు కుండలో మగ్గబెట్టాలి. ఆ కుండ మిద్దె మీద ఉన్నన్నాళ్ళూ మా ఆయన మిద్దెక్కలేదు. వెదురు పుల్లకు గుడ్డపీలికలు చుట్టి చేసిన కలాన్ని ఆ నీళ్ళలో ముంచి వేలితో కాస్త నొక్కితే గీత పడుతుంది. పడినప్పుడు లేత టీ నీళ్ళ రంగులో ఉంటుంది, ఇదేం నలుపురా అనుకునే లోపల కరక్కాయ తగిలి మన కళ్ళ ముందే నల్లబడిపోతుంది. ఎన్నిసార్లు గీసినా ఆ ఒక్క క్షణం కోసం ఊపిరి బిగబట్టుకుంటాను.

పాలు మా అన్న పంపించాడు. ఆయనకు నాలుగు ఎనుములున్నాయి. మూడు లీటర్లు పంపించన్నా అంటే పాయసానికేమో అనుకొని సంతోషంగా పంపాడు. గుడ్డకు పోశానని తర్వాత తెలిసి, రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇంతకీ బొమ్మ గంగ జాతరది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ కథ మీకు తెలిసే ఉంటుంది. ఆడోళ్ళ జోలికి పోయే పాలెగాడు అమ్మవారికి భయపడి దాక్కుంటే, ఆమె రోజుకో వేషం వేసుకొని వెతుకుతుంది, చివరికి దొర వేషం చూసి బయటికొచ్చి దొరికిపోతాడు. అందరూ దొరికిన పాలెగాణ్ణే గీస్తారు కదా అని నేను దాక్కున్నవాణ్ణి గీశాను. గాదె వెనక మోకాళ్ళు ముడుచుకొని, మీసం మాత్రం బయటికి కనబడేట్టు. పేరు కూడా అదే పెట్టాను, ‘దాక్కున్న పాలెగాడు’. వెల 12,000 అని రాసిచ్చాను. రాసేటప్పుడు చెయ్యి వణికింది, ఎవడు కొంటాడులే అన్న ధైర్యంతో రాసేశాను.

తప్పంతా ఆ చీటీలో ఉంది. బొమ్మల కింద అంటించే చీటీలు టైపు చెయ్యమని పన్నుల సెక్షన్లో ఒకాయనకు ఇచ్చారు. ఆయనకు చేతికి అలవాటైన ఫారం ఒకటే. పేరు, భర్త లేక తండ్రి పేరు, డోర్ నంబరు, వివరం, మొత్తం. నా బొమ్మ కింద నా పేరు, మా ఆయన పేరు, మా డోర్ నంబరు, దాని కింద ‘దాక్కున్న పాలెగాడు’, దాని కింద రూ. 12,000 అని బోల్డులో కొట్టి అంటించారు. అంతవరకూ అయితే పోనీలే అనుకోవచ్చు. అది మార్చి నెల. మార్చిలో ఆ ఆఫీసులో గోడ ఖాళీగా కనబడితే చాలు ‘మొండి బకాయిదారులు’ అని ఒక లిస్టు అంటిస్తారు. ఆ లిస్టు సరిగ్గా నా బొమ్మ పక్కన, జానెడు దూరంలో అంటించారు.

మూడో రోజు పొద్దున పక్కింటి అక్క వచ్చి కూర్చుంది. కాఫీ ఇస్తే తాగలేదు. “ఏం మే, ఇంత కష్టంలో ఉంటే నాకు ఒక మాట చెప్పకూడదా? బ్యాంకులో బంగారం పెట్టుకుంటే అర్ధ గంటలో ఇస్తారు కదా” అంది. నాకేం అర్థం కాలేదు. ఆమె ఫోన్ తీసి చూపించింది. వీధి వాట్సాప్ గ్రూపులో ఎవరో పుణ్యాత్ముడు చీటీ మటుకు దగ్గరగా ఫోటో తీసి పెట్టాడు, బొమ్మ లేదు, పక్కన బకాయిల లిస్టు మాత్రం సగం కనబడుతోంది. కింద ఇంకొకాయన ‘ఆఫీసోళ్ళు ఇంత బహిరంగంగా పాలెగాడు అని తిట్టడం తప్పు, ఎంత బాకీ ఉంటే మాత్రం’ అని రాశాడు. దానికి పదకొండు మంది దండాలు పెట్టారు.

మా ఆయన సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ఆయనకు ఈ లోకంలో ఉన్న ఒకే ఒక గర్వం, పన్ను. ఏప్రిల్ 30 లోపల ఏడాదిది మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు కదా, ఆ తగ్గింపు ఒక్క ఏడాది కూడా వదల్లేదు. ఇరవై ఏళ్ళ రసీదులు ఒక నల్ల రెక్సిన్ సంచిలో ఏడాది వారీగా దారం కట్టి పెట్టుకున్నాడు. ఇల్లు కాలిపోతే ముందు నన్ను లాగుతాడా సంచిని లాగుతాడా అనేది నేను ఎప్పుడూ అడగలేదు. అట్లాంటి మనిషి ఫోన్లో ఆ ఫోటో చూసి కుర్చీలో కూలబడిపోయాడు.

“అది వెల అండీ, బొమ్మ వెల” అన్నాను.

“నీకు తెలుసు, నాకు తెలుసు. వీధిలో ఎంతమందికి చెప్తావు? పాలెగాడంట! నేనెప్పుడన్నా దాక్కున్నానా?” అని సంచి చంకలో పెట్టుకొని ఆఫీసుకు పోయాడు. మధ్యాహ్నం వచ్చాడు. చీటీ మార్చారా అంటే, సార్ లీవులో ఉన్నాడంట అన్నాడు. అన్నం పెట్టుకోమన్నా పెట్టుకోలేదు. సంచి తీసి బీరువాలో కాకుండా మంచం కిందకు తోశాడు. అది నేను గమనించాను గానీ, పన్ను మనిషికి అవమానం జరిగింది కదా, రెండు రోజులు ఇట్లాగే ఉంటాడు అనుకున్నాను.

మరుసటి రోజు నేను గ్యాలరీకి పోయాను. రోజూ పోతున్నాను, దాచేదేముంది. పన్నుల క్యూలో నిలబడ్డట్టు నటిస్తూ ఎవరేమనుకుంటున్నారో వింటాను. అప్పటిదాకా నేను విన్న గొప్ప పొగడ్త “ఆ మీసాలోడి కాడ నిలబడు, ఆడ ఫ్యాను గాలి వస్తాది” అనేది. ఆ రోజు పోతే నా బొమ్మ లేదు. మేకు ఉంది, చీటీ ఉంది, చీటీ మీద గుండ్రటి ఎర్ర చుక్క. గుండె ఆగిపోయింది. ఎర్ర చుక్క అంటే ఏంటో మొదటి రోజే గ్యాలరీ చూసుకునే అమ్మాయి మాకందరికీ చెప్పింది, అమ్ముడుపోయిందని గుర్తు. నూనె రంగుల కొండల్లో పెద్ద కొండకు లేదు, చిన్న కొండకు లేదు, నా గుడ్డకు ఉంది! ఆ అమ్మాయి నన్ను చూసి పరిగెత్తుకొచ్చి, “మేడం, ఒక పెద్దాయన, పంచె కట్టుకొని ఉన్నాడు, బేరం కూడా ఆడలేదు, పన్నెండు వేలూ లెక్కబెట్టి ఇచ్చేశాడు. 31 దాకా గోడ మీదే ఉంచుతాం సార్ అంటే ఒప్పుకోలేదు, ఒక్క నిమిషం కూడా ఉండకూడదు, ఇప్పుడే తీసెయ్యి తల్లీ అన్నాడు. అంత నచ్చింది ఆయనకి” అని కవరు నా చేతిలో పెట్టింది.

ఆ కవరు పట్టుకొని మెట్లు దిగుతుంటే కాళ్ళు నేల మీద లేవు. దారిలో అర కిలో మైసూర్‌పాకు తీసుకున్నాను. ఎవరై ఉంటారు ఆయన? పంచె కట్టుకొని, బేరమాడకుండా... రిటైరయిన జమీందారు ఎవరైనా అయి ఉంటాడా, జమీందార్లు రిటైరవుతారా, ఇట్లా ఏవేవో అనుకుంటూ ఇల్లు చేరాను.

వాకిట్లో మా అన్న కూర్చొని ఉన్నాడు. పంచె. చెంబుడు నీళ్ళు తాగుతున్నాడు. రెండు మోకాళ్ళ మధ్య న్యూస్‌పేపర్‌లో చుట్టిన పొడుగాటి చుట్ట ఒకటి.

“పాపా, నీ బాకీ తీర్చేసినా. ఇంక భయం లేదు” అన్నాడు.

నేను మాట్లాడలేదు. మాట ఎక్కణ్ణించి వస్తుంది?

ఫోటో పీలేరు దాకా పోయిందట. ఆ నెల పాల బిల్లు మొత్తం, దాని మీద ఇంకో రెండు వేలు చేబదులు తీసుకొని, మొదటి బస్సుకే వచ్చి నేరుగా ఆఫీసుకే పోయాడు. “కౌంటరు కాడ ఆయన కంప్యూటర్లో చూసి, ఇంటికి ఏమీ లేదు సామీ, ఖాళీ జాగాకు మటుకు 11,640 ఉండాది, నిన్ననే మీ బావకు చెప్పినాం అన్నాడు. గోడ మీద పన్నెండు వేలని ఉండాదే అంటే, గోడ మీదిది అయితే మాకు సమ్మందం లేదు, ఆ మేడం కాడ కట్టాల అన్నాడు. సరే, చిల్లర లేక రౌండు చేసినారేమో, పోనీలే అని కట్టేసినా. అయినా పాపా, ఎంత మంచి పిల్లో ఆయమ్మి! పన్ను కట్టిచ్చుకుంటా దండం పెట్టింది. మీలాంటోళ్ళు ఉంటేనే కళ బతుకుతాది సార్ అనింది. మొదుట ఎర్ర చుక్క పెడితే నాకు కోపం వచ్చింది, అయిపోయిందని గుర్తు సార్ అనింది. అయితే పెట్టుకోమన్నా.”

ఆ మాటల్లో నాకు ఒకటే వినబడింది. ఖాళీ జాగా. మా అత్తగారు ఎప్పుడో కొని, కాగితాలు ట్రంకు పెట్టెలో పడేసి పోయిన నలభై అంకణాల జాగా. దానికి కూడా పన్ను ఉంటుందని, నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ కూడా పెరుగుతుందని, ఇరవై ఏళ్ళు దారాలు కట్టిన మనిషికి తట్టనే లేదు. నేను తల తిప్పి చూశాను. మా ఆయన తలుపు వెనక నిలబడి ఉన్నాడు. మీసం మాత్రం కనబడుతోంది.

“బావా, బయటికి రా. నేనేమన్నా అన్నానా?” అన్నాడు అన్న. వచ్చాడు. మైసూర్‌పాకు పెడితే తిన్నాడు.

“అయినా ఇదేంది పాపా” అని అన్న ఆ చుట్ట విప్పాడు. “పన్ను కడితే గుడ్డ ఇస్తారా మీ ఊళ్ళో? మా పంచాయతీలో రసీదు ఇచ్చేదానికే ఏడుస్తారు.” విప్పి, ముక్కు దగ్గర పెట్టుకొని, కాస్త ఆగి, “పాల వాసన వస్తాండాదే” అన్నాడు.

చెప్పేద్దామని నోటి దాకా వచ్చింది. మూడు లీటర్ల పాలు గుర్తొచ్చాయి. మానేశాను. డబ్బులు తిరిగి ఇద్దామంటే ఎందుకిస్తున్నానో చెప్పాలి, చెప్తే రెండు నెలలు కాదు, ఈసారి రెండేళ్ళు మాట్లాడడు. వెళ్ళేటప్పుడు ఆ గుడ్డ మీరే ఉంచుకోండి అన్నాడు, నేనే బలవంతంగా ఆయన సంచిలో పెట్టాను.

సాయంత్రం ఆ కవరే తీసుకొని ఇద్దరం ఆఫీసుకు పోయి 11,640 కట్టేశాం. మిగిలిన 360లో మైసూర్‌పాకు డబ్బులు పోయాయి. మంచం కింద నుంచి రెక్సిన్ సంచి బయటికొచ్చింది, మా ఆయన ఖాళీ జాగాకని విడిగా ఇంకో దారం కట్టాడు.

మొన్న అక్టోబరులో అన్న ఫోన్ చేశాడు. పాలెగాణ్ణి నట్టింట్లో తగిలించారట, చూసినోళ్ళంతా ఎక్కడ కొన్నావని అడుగుతున్నారట.

“పాపా, రెండో ఆరు నెలల పన్ను వచ్చుంటాది కదా. ఎంతో ముందే చెప్పు, పెద్ద ఎనుం ఈనింది, పాలకు కరువు లేదు. ఈసారి వినాయకుడి గుడ్డ ఇస్తారేమో ఆయమ్మిని అడుగు.”