పాడైంది పెన్ డ్రైవ్ కాదు, మీకు తెలియనిది ఫార్మాట్

ఇప్పుడే స్టూడియో నుంచి వచ్చాను, ఒళ్లు మండిపోతోంది. చెల్లి పెళ్లి వీడియో కోసం 32 జీబీ పెన్ డ్రైవ్ ఇస్తే, "ఇది పాడైందండీ, వీడియో ఎక్కట్లేదు, మా దగ్గర కొత్తది తీసుకోండి" అన్నాడు. అమ్మ పాపం పర్సు కూడా తీసేసింది.

ఏమీ పాడవలేదు! డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో (అంటే డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చి పెట్టే పద్ధతిలో) ఉంది, వీడియో ఏమో 7 జీబీల ఒకే ఫైల్. ఎంత చోటు ఖాళీగా ఉన్నా ఫ్యాట్32 ఒక్కో ఫైల్‌ని 4 జీబీ దాటనివ్వదు. ఫైల్ సైజు రాసుకోవడానికి అందులో 32 బిట్లే ఉన్నాయి మరి. 1996లో, విండోస్ 95 రోజుల్లో వచ్చిన పద్ధతి అది. ఆ 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్ 2006 నుంచీ ఉంది. డ్రైవ్‌లో ఉన్న నాలుగు ఫోటోలు పక్కకు తీసి, అక్కడే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేశాను. వీడియో ఎక్కింది. రోజూ పెళ్లి వీడియోలు ఇచ్చేవాళ్లకు ఈ మాత్రం తెలియకపోతే ఎలా?

"ఎక్కడ చూస్తారు" అని ఒక్క మాట అడగాలి కదా. పాత టీవీలు చాలా వాటికి ఎక్స్‌ఫ్యాట్ అర్థం కాదు, వాటికి ఫ్యాట్32లోనే ముక్కలు చేసి ఇవ్వాలి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఇస్తే మ్యాక్ (యాపిల్ కంప్యూటర్) చదువుతుంది కానీ, అందులో కొత్తగా ఏదీ రాయలేదు.

అసలు నాకింత కోపం ఎందుకంటే, నాన్న షష్టిపూర్తి వీడియోలు బావ మ్యాక్ ఫార్మాట్‌లో ఉన్న డ్రైవ్‌లో ఇచ్చాడు. ఫోన్‌లోకి ఎక్కించమని షాపులో ఇచ్చాను. విండోస్‌కి ఆ ఫార్మాట్ తెలియక, వాడాలంటే ఫార్మాట్ చేయాలని అడిగింది. నన్ను ఒక్క మాట కూడా అడగకుండా ఆ అబ్బాయి ఓకే కొట్టేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. క్విక్ ఫార్మాట్ (పైపైన త్వరగా చేసేది) చేస్తే పాత ఫైళ్లు వెంటనే చెరిగిపోవు, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు వెనక్కి తీయొచ్చు. కానీ నేను టీ తాగి వచ్చేలోపు, ఊరికే ఇవ్వడం ఎందుకని డ్రైవ్ నిండా సినిమాలు నింపాడు. పాతవాటి మీద కొత్తవి పడ్డాక ఇక ఏం దొరుకుతుంది?

నాన్న ఆ తర్వాత ఆరు నెలలకే పోయారు. ఆయన మాట్లాడిన వీడియో మా దగ్గర ఇంకొకటి లేదు.

"ఖాళీగా ఉందనుకున్నా అన్నా" అన్నాడు. అందులో మా నాన్న ఉన్నారు!