ఫార్ములా వన్ టైరుగారికి ఒక స్కూటరు యజమాని లేఖ

మహారాజశ్రీ టైరుగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మా స్కూటరు వెనక టైరు కూడా క్షేమమే. మూడు వానాకాలాలు, నాలుగు పంక్చర్లు చూసింది. ఎండలో, వానలో బయటే పడి ఉంటుంది. ఎప్పుడు ఎక్కినా ఏమీ అడక్కుండా బయల్దేరుతుంది. టీవీలో మీ వైభోగం చూసినప్పటి నుంచి దాని మొహం చూడాలంటే నాకే సిగ్గుగా ఉంది.

తమరు ట్రాక్ మీదికి రావాలంటే ముందు కరెంటు దుప్పటి కప్పి 70 డిగ్రీల దాకా వెచ్చబెట్టాలట. చల్లగా ఉంటే రోడ్డును పట్టుకోరు. పోనీ వేడెక్కారు కదా అనుకుంటే, కాస్త ఎక్కువైనా పట్టుకోరు. ముందు కారుకు దగ్గరగా వెళ్తే దాని వెనక చెదిరిన గాలిలో మన కారును కిందికి నొక్కే బలం తగ్గుతుంది. దాంతో మీరు జారతారు, జారితే వేడెక్కుతారు, వేడెక్కితే ఇంకా జారతారు. మొదటి సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడే నయం, ఒక వాచీ కొనిస్తే అలక దిగుతాడు.

దాదాపు వెయ్యి గుర్రాల బలం, గాలి సొరంగాల్లో నెలల తరబడి తీర్చిదిద్దిన రెక్కలు, ఇవన్నీ రోడ్డుకు అందాల్సింది నేలను తాకే మీ నాలుగు రబ్బరు ముక్కల గుండానే. ఆ సంగతి తెలిసే మీకింత బెట్టు. లోకంలో అందరికన్నా వేగంగా నడపగలరని ఏరి కూర్చోబెట్టిన డ్రైవర్లకు రేడియోలో ఇంజనీరు చెప్పేదేమిటి? మలుపులో మెల్లగా తిప్పు, బయటికొచ్చేటప్పుడు మెల్లగా తొక్కు, టైర్లు జాగ్రత్త. నేను స్కూటరెక్కితే మా అమ్మ కూడా ఇదే చెబుతుంది, జీతం తీసుకోకుండా.

ఓడిన డ్రైవరు టైర్లను తిడితే, ఆడలేక మద్దెల ఓడు అంటున్నాడని అనుకునేవాణ్ణి. తీరా చూస్తే మద్దెలను అలా చెయ్యమన్నదే పోటీలు నడిపేవాళ్లు! 2010లో మాంట్రియల్‌లో టైర్లు అనుకోకుండా త్వరగా అరిగిపోయి రేసు రసవత్తరంగా సాగింది. మరుసటి ఏడు టైర్ల సరఫరాకు వచ్చిన పిరెల్లి కంపెనీని, ఇలాగే అరిగేవి చేసిపెట్టమన్నారు. అరగడమే ఉద్యోగంగా నియామకం పొందిన ఘనత మీది. మా వీధి రోడ్డుదీ అదే పని గానీ, దానికి ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు.

మీ వానాకాలపు అన్నగారి సంగతి మరీ విచిత్రం. గంటకు 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 85 లీటర్ల నీళ్లు తోడిపోస్తారట. ఎక్కడ పోస్తారు? వెనకవాడి మొహాన. వాడికేమీ కనపడదు, ఎర్రజెండా ఊపి రేసు ఆపేస్తారు. 2021లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో, అందరినీ మెల్లగా నడిపించే సేఫ్టీ కారు వెనక కాసేపు ఊరేగి, సగం పాయింట్లు పంచుకుని ఇళ్లకు వెళ్లారు. వాన కోసం చేసిన టైరుకు వానే కుదరలేదు.

అదే స్పాలో 2024లో మీరు జార్జ్ రసెల్ అనే డ్రైవరుకు చేసింది మాత్రం నేను మర్చిపోలేను. చాలామంది రెండుసార్లు టైర్లు మారుస్తుంటే అతను ఒక్కసారే మార్చి, 44 రౌండ్లలో చివరి 34 ఒకే సెట్టు మీద లాక్కొచ్చి తన జట్టులోనే ఉన్న హామిల్టన్ కంటే ముందు గీత దాటాడు. తర్వాత కారును తూకం వేశారు. ఉండాల్సింది కనీసం 798 కిలోలు, ఉన్నది 796.5. గెలుపు పోయింది. అరిగిన రబ్బరు కూడా ఒక కారణమై ఉండొచ్చని జట్టువాళ్లు అన్నారు. మామూలుగా రేసు అయ్యాక డ్రైవర్లు నిదానంగా ఇంకో రౌండు తిరుగుతూ, ట్రాక్ పక్కన రాలిన రబ్బరు ముక్కలను టైర్లకు అంటించుకొస్తారు, పెళ్లి భోజనాలయ్యాక మిగిలిన లడ్డూలు సంచీలో వేసుకున్నట్టు. స్పాలో ఆ రౌండు ఉండదు, జెండా పడగానే వెనక్కి తిరగాలి. ఆ ఒకటిన్నర కిలోలో తమరి వాటా ఎంతో మీ అంతరాత్మకే తెలియాలి.

మీ వంశం వల్ల మాకు మేలు జరగలేదని అనను. 2005లో ఇండియానాపొలిస్‌లో మిషెలిన్ టైర్లు ఆ వాలు మలుపుకు ఆగవని తేలి 14 కార్లు మొదలుకాకముందే వెనుదిరిగాయి. మిగిలిన ఆరింటిలో మన నారాయణ్ కార్తికేయన్ నాలుగోవాడు. భారతీయుడికి ఫార్ములా వన్‌లో అవే మొదటి పాయింట్లు. ఆరుగురిలో నాలుగు అని ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తుంది, ఆ లెక్క మన ఇంట్లో మనం చెప్పుకుంటాం.

2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ జట్టువాళ్లు మీ నలుగురినీ 1.80 సెకన్లలో మార్చేశారు. మా పంక్చరు షాపతను అంతసేపు టీ గ్లాసు వైపే చూస్తాడు.

చివరగా ఒక మనవి. తమరు ఎలాగూ ఒక ఆదివారం దాటి బతకరు. మీ తదనంతరం ఆ దుప్పటి ఇటు పంపించండి. మా టైరుకు కాదు, దానికిస్తే నవ్వుతుంది. డిసెంబరులో తెల్లారుజామున స్కూటరెక్కాల్సింది నేను.

ఇట్లు,
ఒక స్కూటరు యజమాని