ఆరున్నొకటి

కల్లంలో జొన్నలు కొలిచే పెద్దాయన మొదటి సేరుకు ఒకటి అనడు, లాభం అంటాడు. రెండు, మూడు అంటూ పోయి ఏడు దగ్గరికి వచ్చేసరికి ఆరున్నొకటి అంటాడు. ధాన్యం కొలిచేటప్పుడు ఏడు అన్న మాట నోట రాకూడదని పాతవారి పట్టింపు. పక్కన కూర్చున్న మనవడికి ఆ సంగతి తెలియదు. ఆరుకు ఒకటి చేరితే వచ్చేది ఆ తర్వాతి లెక్క అని మాత్రం చెవిన పడుతుంది. సేరు ఒరిగినప్పుడల్లా రాశి పెరగడం కళ్లకు కనిపిస్తుంది. అనంతపురం పల్లెల్లో ఒకప్పుడు లెక్కలకు తొలి బడి ఆ కల్లమే.

ఇప్పుడు ఆ వయసు పిల్లలు అంగన్‌వాడీల్లో పలక మీద ఒకటి నుంచి వంద దాకా దిద్దుతున్నారు. సాయంత్రం ఇంటికి రాగానే అమ్మానాన్నలు అడిగేదీ ‘ఎంతవరకు వచ్చాయి’ అనే. పక్కింటి పిల్ల ఎల్‌కేజీలోనే వంద రాస్తోందంటే వారికి టెన్షన్. బిడ్డ వెనకబడిపోతుందేమోనన్న ఆ భయాన్ని మేము తప్పుపట్టం. కానీ నాలుగేళ్ల పిల్ల వంద దాకా రాసినంత మాత్రాన లెక్క వచ్చినట్టు కాదు.

అనుమానముంటే ఏడు చింతగింజలు ముందు పెట్టి చూడండి. ఒకటి, రెండు, మూడు అని పాటలా పాడుతుంది. వేలు ఒకే గింజ మీద ఉండగా నోరు రెండంకెలు దాటిపోతుంది, చివరికి పది అంటుంది. ఒక్కో గింజను పక్కకు జరుపుతూ ఒక్కో అంకె చెప్పడం అలవాటయ్యాక సరిగ్గా ఏడు అంటుంది. అప్పుడు ‘మొత్తం ఎన్ని?’ అంటే మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతుంది. ఆఖరున పలికిన అంకే మొత్తమని ఇంకా తెలియదు మరి. అవే గింజలను కాస్త ఎడంగా పరిస్తే ఎక్కువయ్యాయంటుంది. ఈ వయసు పిల్లల్లో ఇది సహజమని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త పియాజే ఎప్పుడో చూపించారు. ఈ మెట్లు గింజలు పట్టుకుని ఎక్కాల్సినవి, బలపంతో ఎక్కలేరు. మెట్లు వదిలేస్తే ఏమవుతుందో పెద్ద తరగతుల్లో తేలుతోంది. పల్లె పిల్లలకు చదువు, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసే అసర్ సర్వే 2024లో తేల్చిన ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతమే.

మన దగ్గర సామగ్రికి ఏం కొదవ? గుప్పెడు వేరుశనక్కాయలు చాలు. ఇందులో ఎన్ని గింజలుంటాయో చెప్పమని, ఒలిచి చూడమనండి. ఒంటి గింజ కాయల తొక్కలు ఒక వరుస, రెండు గింజలవి ఇంకో వరుస, మూడుంటే మరో వరుస. ఏ వరుస పొడుగో పిల్లలే చెబుతారు. గింజను నొక్కితే రెండు బద్దలు. సగమంటే ఏమిటో ఇంతకంటే బాగా చూపే పరికరం మాకు తెలియదు. గచ్చకాయల ఆట చూడండి. ఒకటి ఎగరేసి, కింది నాలుగింటినీ ముందు ఒక్కొక్కటిగా ఏరాలి, తర్వాత రెండేసి, ఆపైన మూడూ ఒకటీ, చివరికి నాలుగూ ఒక్కసారే. నాలుగును ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చో చేతివేళ్లకే తెలిసిపోతుంది. వామనగుంటల్లో గుంటకో గింజ వేసుకుంటూ పోవడం కూడా ఒకదానికొకటి జత చేసే పాఠమే.

ఒక జాగ్రత్త తప్పనిసరి. మూడేళ్లలోపు పిల్లలకు గింజలు ఇవ్వకూడదు, గొంతులో ఇరుక్కుంటాయి. వారికి కంకులు, పెద్ద ఆకులు, గుప్పిట పట్టనంత గులకరాళ్లు మేలు. పెద్ద పిల్లలైనా పెద్దవారు పక్కనుండాలి. ఎర్రగా ముద్దొచ్చే గురివింద, మన చేలల్లో పండే ఆముదం, కంచెల్లో పెరిగే ఉమ్మెత్త గింజలు విషం. వాటిని దగ్గరికే రానివ్వకూడదు.

మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఆటతోనే నేర్పాలని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. మరుసటి ఏడాది ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె కూడా విడుదలైంది. పెట్టె కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదు. కొరత ఉన్నది అంగన్‌వాడీ టీచర్ సమయానికే. బరువులు తూచాలి, సరుకులు పంచాలి, పోషకాహార వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు వేయాలి. పిల్లలతో నేలమీద కూర్చునేది ఎప్పుడు? రోజూ ఒక గంట ఫోన్ పక్కన పెట్టే వెసులుబాటు ఆమెకు ఇవ్వాలి. కొన్ని అంగన్‌వాడీల టీచర్లకు కలిపి జరిపే సెక్టార్ మీటింగుల్లో రిజిస్టర్లతో పాటు ఈ ఆటలనూ టీచర్లచేత ఆడించాలి. తనిఖీకి వచ్చే సూపర్‌వైజర్ పలకలు చూపించమనే బదులు ఒక పిల్లను పిలిచి, పిడికెడు గింజలు పోసి, ఎన్నున్నాయో అడగాలి. ఖరీఫ్ వేరుశనగ ఇంటికి చేరేలోపు జిల్లా అధికారులు ఈ మేరకు ఆదేశాలివ్వాలని కోరుతున్నాం. కాయలు పంపడానికి మన రైతులు వెనకాడరు.